ఆపరేషన్ అందింది, నిర్ణయం అందలేదు: లైంగిక ఆరోగ్య విధానంలో సమన్యాయం

మా పెద్దమ్మకు ఇరవై ఒకటో ఏట పిల్లల ఆపరేషన్ అయింది. ముప్పై మూడో ఏట గర్భసంచి తీసేశారు. నాట్లూ కలుపులూ చేసే మనిషి. తెల్లబట్ట అవుతోందని, నడుము లాగేస్తోందని ఊళ్లో ఆర్‌ఎంపీకి చెప్పుకుంది. సంచికి పుండు అయింది, ఉంచుకుంటే కాన్సరైతది అని ఆయన పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. కాన్సర్ ఉందో లేదో అక్కడ ఎవరూ పరీక్ష చేయలేదు. ఈ కథ చెప్పేటప్పుడు ఆమె వాడే క్రియలను నేను చాలా ఏళ్ల తర్వాత గమనించాను. "ఆపరేషన్ చేసిన్రు", "సంచి తీసిన్రు" అంటుంది. "చేయించుకున్న" అని ఒక్కసారి కూడా అనదు.

ప్రజారోగ్య విధానంలో పరిశోధన మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఏమిటంటే, ప్రభుత్వ నివేదికల్లో మా పెద్దమ్మ ఒక విజయం. కుటుంబ నియంత్రణ పట్టికలో ఆమె లెక్క ఉంది. సేవలు 'అందిన' మహిళల్లో ఆమె ఒకరు. లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యంలో పనిచేయాలనుకునే దళిత విద్యార్థులూ కార్యకర్తలూ మొదట తేల్చుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది. మన వాడలకు ఏది అందలేదని అడగడం అవసరమే. ఏది అడగకుండానే అందిందని కూడా అడగాలి.

మాటల అర్థం

లైంగిక ఆరోగ్యం అంటే సుఖవ్యాధులు, ఎయిడ్స్ అన్న అర్థమే మన దగ్గర స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం దానికంటే విశాలం. రోగం లేకపోవడం ఒక్కటే చాలదని, లైంగికత విషయంలో శరీరం, మనసు, సామాజిక జీవితం బాగుండాలని, అది బలవంతం, వివక్ష, హింస లేకుండా ఉండాలని చెబుతుంది. ఈ నిర్వచనంలో 'బలవంతం', 'వివక్ష' అన్న మాటలు పెట్టగానే కులం కూడా ఆరోగ్య విషయం అయిపోతుంది.

రెండో మాట సమన్యాయం. ఆరోగ్యంలో కొన్ని తేడాలు వయసు వల్ల వస్తాయి. వాటిని అన్యాయం అనలేం. నివారించగలిగి ఉండి కూడా నివారించని తేడాలు, ఏ విధంగా చూసినా న్యాయం కాని తేడాలు వేరు. వాటినే అసమన్యాయం అనాలని బ్రిటన్‌కు చెందిన మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల ఆరంభంలో వివరించారు. అందరికీ ఒకే ఆసుపత్రి ఉండటం సమానత్వం. ఆ ఆసుపత్రి మెట్లెక్కిన ఎస్సీ కాలనీ మనిషి చెప్పేది డాక్టరు పూర్తిగా విన్నాడా, ఇంకో దారి ఉందని చెప్పాడా అన్నది సమన్యాయం ప్రశ్న.

1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ జనాభా సదస్సు జనాభా లక్ష్యాల నుంచి స్త్రీల హక్కుల వైపు చర్చను మళ్లించింది. అదే ఏడాది అమెరికాలో నల్లజాతి స్త్రీలు 'పునరుత్పత్తి న్యాయం' అన్న భావనను ముందుకు తెచ్చారు. పిల్లల్ని వద్దనుకునే హక్కు, కనే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు అనే మూడూ విడదీయరానివని వాళ్లన్నారు. గర్భస్రావ హక్కు ఒక్కటే మాట్లాడితే, ప్రభుత్వమే తమ గర్భసంచుల మీద చేయి వేసిన స్త్రీల అనుభవం పక్కన పడిపోతుందన్నది వాళ్ల వాదన. మన అనుభవానికి ఇది దగ్గరి మాట.

అంబేడ్కర్ ఈ చర్చలో ఎక్కడున్నారు

లైంగిక ఆరోగ్యం దళిత ఉద్యమ అంశం కాదని, అది పట్నం స్త్రీవాదుల వ్యవహారమని అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. చరిత్ర అలా లేదు. ర.ధో. కర్వే 1927 నుంచి 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపారు. పాఠకులు అడిగిన లైంగిక సందేహాలకు అందులో దాపరికం లేకుండా జవాబులిచ్చేవారు. దానికి ఆయన మీద అశ్లీలత కేసు పెట్టారు. 1934లో బొంబాయి కోర్టులో ఆయన తరఫున వాదించిన న్యాయవాది డాక్టర్ అంబేడ్కర్. కేసు ఓడిపోయారు. సందేహం అడగడమూ, దానికి శాస్త్రీయంగా జవాబు చెప్పడమూ నేరం కాదన్న వాదన మాత్రం మిగిలింది.

1938 నవంబరులో బొంబాయి శాసనసభలో పి.జె. రోహమ్ గర్భనిరోధక సాధనాలను ప్రభుత్వమే అందుబాటులోకి తేవాలని ఒక తీర్మానం పెట్టారు. ఆయన ప్రసంగాన్ని తయారుచేసింది అంబేడ్కర్. పేదరికం, తల్లి ఆరోగ్యం గురించిన వాదనలతోపాటు అందులో ఒక కీలకమైన మాట ఉంది. బిడ్డను కనాలా వద్దా అన్నది పూర్తిగా స్త్రీ ఇష్టం మీద ఆధారపడాలి, వద్దనుకుంటే నివారించుకునే వీలు ఆమెకు ఉండాలి. ఆ తీర్మానమూ ఓడిపోయింది. స్వతంత్ర భారతం కుటుంబ నియంత్రణను తలకెత్తుకుంది గానీ, 'స్త్రీ ఇష్టం' అన్న మాట దగ్గర తడబడింది.

పిల్లల ఆపరేషన్: కులం గుర్తొచ్చిన చోటు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయింది. తెలంగాణలో ఇది సుమారు 62 శాతం. దేశ సగటు 38 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు ఒక శాతం కూడా లేరు. ఆపరేషన్ అయిన స్త్రీలలో సగం మందికి పైగా ఇరవై ఐదేళ్లు నిండకముందే టేబుల్ ఎక్కినవాళ్లు. కాన్పుల మధ్య ఎడం కోసం వాడే మాత్రలు, లూప్, కండోమ్ వాటా మన దగ్గర చాలా తక్కువ. అంటే ఆధునిక గర్భనిరోధం అంటే ఒకే పద్ధతి, అదీ తిరిగి రాని పద్ధతి.

1996లో కేంద్రం కుటుంబ నియంత్రణలో పైనుంచి లక్ష్యాలు పెట్టే విధానాన్ని ఎత్తివేసింది. నగదు ప్రోత్సాహకం మాత్రం పోలేదు. 2007లో సవరించిన పరిహార పథకంలో ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు ఒక తేడా పెట్టారు. ట్యూబెక్టమీ చేయించుకున్న మహిళ దారిద్ర్యరేఖకు దిగువనున్నా, ఎస్సీ, ఎస్టీ అయినా 600 రూపాయలు. మిగతావాళ్లకు 250. కూలి పోయిన రోజులకు పరిహారమని సమర్థించవచ్చు. అయితే గమనించండి. ఇదే ఆరోగ్య వ్యవస్థలో ఇంకెన్నో చోట్ల కులం వివరం అడిగితే, ఆరోగ్యానికి కులంతో పనేమిటి అంటారు. ఆపరేషన్‌కు డబ్బు లెక్కగట్టేటప్పుడు మాత్రం కులం గుర్తొచ్చింది.

క్యాంపు పద్ధతి ఎక్కడికి తీసుకెళ్తుందో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా చూపించింది. ఒక క్యాంపులో 83 మంది మహిళలకు ఒకే సర్జన్ కొన్ని గంటల్లో ఆపరేషన్లు చేశాడు. ఆ జిల్లా క్యాంపుల్లో 13 మంది చనిపోయారు. అంతకుముందే బిహార్‌లో ఒక బడిలో జరిగిన క్యాంపు మీద దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులో 2016 సెప్టెంబరు 14న వచ్చిన తీర్పు మూడేళ్లలో క్యాంపులను ఆపేయాలని చెప్పింది. పేద, అణగారిన స్త్రీల మీదే ఈ భారం పడుతోందని గుర్తించింది.

ఇప్పుడు గాలి తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గుతుందన్న భయం పట్టుకుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఉమ్మడి రాష్ట్రం 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని తీసేసింది. తీసేయడం మంచిదే. రిజర్వేషన్ వల్ల మొదటిసారి సర్పంచి అయ్యే అవకాశం వచ్చిన దళిత స్త్రీలు కూడా ఆ నిబంధన దెబ్బ తిన్నారు. అయితే ఎందుకు తీశారన్నదీ చూడాలి. స్త్రీకి ఆ నిర్ణయం ఆమెది కనుక అని ఎవరూ అనలేదు. రాష్ట్రానికి ఇప్పుడు పిల్లలు కావాలి అన్నారు. నిన్న వద్దన్నదీ రాష్ట్రమే, నేడు కనమంటున్నదీ రాష్ట్రమే.

గర్భసంచి: కాన్సర్ భయం, లేని పరీక్ష

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశ సగటు మూడు చిల్లర. గ్రామీణ, చదువు తక్కువ ఉన్న స్త్రీలలో ఇది ఎక్కువ. వీటిలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ దుర్వినియోగమవుతోందన్న ఆరోపణలు అప్పట్లోనే పెద్ద ఎత్తున వచ్చాయి.

తెల్లబట్టకు చాలా సందర్భాల్లో కారణం మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. దానికి కావలసింది పరీక్ష, కొన్ని రోజుల మందులు, అవసరమైతే భర్తకూ చికిత్స. పీహెచ్‌సీలో ఇవి దొరక్కపోతే, దొరికినా చెప్పుకోవడానికి మహిళా డాక్టరు లేకపోతే, ఆ ఇన్ఫెక్షనే ఆపరేషన్ దాకా పోతుంది. ఇక కాన్సర్ భయం. దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరని ఇదే సర్వే చెబుతోంది. పరీక్ష అందనిచోట ఆపరేషన్ అందుతోంది. చిన్న వయసులో సంచి తీసేస్తే, అండాశయాలు కూడా తీసేస్తే మరీ, ముట్లు ఆగాక రావలసిన బాధలు ముందే వస్తాయి. ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఒంటి కష్టం మీద బతికే మనిషికి అది కూలి పోవడం.

చట్టం ఇక్కడ మన పక్కనే ఉంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. ఆ కేసులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహ వచ్చాక అడగగలిగిన పెద్ద మనిషి బదులు ఇంకొకరి అనుమతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు సరిపోదని కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 5న నరేంద్ర గుప్తా కేసులో, అనవసర హిస్టరెక్టమీలను ఆపడానికి కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాలో అది ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది అన్నది సమాచార హక్కు కింద అడగదగిన ప్రశ్న.

ఖమ్మం: అనుమతి పత్రం మీద ఎవరి సంతకం

2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. ఖమ్మంలో టీకా వేయించుకున్నవాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత, పేద కుటుంబాల పిల్లలు. మహిళా సంఘాలు గొంతెత్తాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. టీకా వల్లే అని విచారణలో తేలలేదు.

తేలింది ఇంకొకటి. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. హాస్టల్లో చేర్చిన తల్లిదండ్రులు పిల్ల చదువును అప్పగించారు. ఒంటిని అప్పగించలేదు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌పీవీ టీకా మంచిదే, కాన్సర్‌ను ఆపుతుంది. మన పిల్లలకే దాని అవసరం ఎక్కువ, ఎందుకంటే పరీక్షలు అందనిది మనకే. కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ప్రకటించింది. ఖమ్మాన్ని చూపి టీకానే వద్దనడం మన పిల్లలకు రెండో అన్యాయం. ఖమ్మంలో ఏమీ జరగనట్టు అదే హాస్టల్ గుమ్మంలోకి మళ్లీ వెళ్లడం కూడా అన్యాయమే. నమ్మకం పోగొట్టినవాళ్లే దాన్ని తిరిగి సంపాదించుకోవాలి. అంటే తెలుగులో, కోయ భాషలో వివరించాలి. తల్లిదండ్రులకు ఆలోచించుకునే సమయం ఇవ్వాలి. వద్దంటే సీటు పోదని హామీ ఇవ్వాలి.

లెక్కలో లేని కులం

2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఈ లెక్కలు రాష్ట్రం, వయసు, లింగం వారీగా, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, వలస కూలీలు లాంటి వర్గాల వారీగా వస్తాయి. కులం వారీగా రావు. జోగిని వ్యవస్థను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రం 1988లో చట్టం చేసింది. ఆ వ్యవస్థలోకి నెట్టబడింది ప్రధానంగా మాదిగ, మాల స్త్రీలని అందరికీ తెలుసు. అయినా హెచ్‌ఐవీ కార్యక్రమం భాషలో వాళ్లు 'అధిక ముప్పు వర్గం'. ముప్పు ఎక్కడినుంచి వచ్చిందో ఆ పేరు చెప్పదు.

నేను పనిచేసిన ఒక సర్వేలో ప్రశ్నావళి నుంచి కులం కాలమ్ తీసేయమన్నారు. సున్నితమైన విషయం, జనం ఇబ్బంది పడతారు అన్నారు. అదే ప్రశ్నావళిలో ఎంతమందితో లైంగిక సంబంధం ఉందన్న ప్రశ్న ఉంది. దానికి ఇబ్బంది పడరట. నేను గట్టిగా వాదించలేదు, ఉద్యోగం కొత్త. ఆ సర్వే నివేదికలో ఇప్పుడు దళిత స్త్రీలు ఎక్కడా లేరు. ఉన్నా కనబడరు. ఈ వ్యాసం రాయడానికి అది ఒక కారణం.

కులం, లింగం, వైకల్యం కలిసినప్పుడు ఏమవుతుందో కోర్టులు గుర్తించడం మొదలైంది. చూపులేని దళిత యువతిపై ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అత్యాచారం కేసులో, పటాన్ జమాల్ వలీ తీర్పులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఈ మూడు అణచివేతలనూ విడివిడిగా చూడలేమని చెప్పింది. అయినా ఆధారాలు సరిపోలేదని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. సిద్ధాంతం గెలిచిన చోటే సాక్ష్యం ఓడింది. మన పని సాక్ష్యాన్ని తయారుచేయడం.

పనిచేసిన పద్ధతి ఏది

నిరాశతో ఆగనక్కర్లేదు. హెచ్‌ఐవీ నివారణలో దేశమంతటా ఫలితమిచ్చిన పద్ధతి ఒకటుంది. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు తమ తోటివాళ్లకు తామే విద్యావాహకులై, సంఘాలు పెట్టుకుని, కండోమ్‌తోపాటు పోలీసుల వేధింపుల మీదా మాట్లాడారు. ఎవరి సమస్యో వాళ్లకే కార్యక్రమంలో అధికారం ఇస్తే జబ్బు తగ్గింది. ఆ పోరాటాల ఊపుతోనే హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. వివక్షను నిషేధించే 3వ సెక్షన్, తెలిసి ఇచ్చిన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదనే 5వ సెక్షన్, రహస్యాన్ని కాపాడే 8వ సెక్షన్, ఫిర్యాదు వినే అంబుడ్స్‌మన్ గురించిన 23వ సెక్షన్ చదివి ఉండటం కార్యకర్తకు అవసరం. గర్భసంచి విషయంలో ఇంత బలమైన చట్టం మనకు లేదు. ఎందుకు లేదంటే, ఆపరేషన్ అయిన స్త్రీలకు ఇంకా సంఘం లేదు.

ఏ విధాన పత్రం చేతికొచ్చినా

ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఒక పథకాన్నో సర్వేనో చూసినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోవచ్చు.

ఒకటి, ఎంపిక. ఇస్తున్నది ఒకే పద్ధతా, ఇంకా ఉన్నాయా? కాదన్న మనిషికి ఏమవుతుంది?

రెండు, అనుమతి. సంతకం ఎవరిది? ఏ భాషలో చెప్పారు? చెప్పడానికీ చేయడానికీ మధ్య ఎన్ని రోజులు?

మూడు, డబ్బు. ఈ సేవ ఇస్తే ఆసుపత్రికి, మధ్యవర్తికి, సిబ్బందికి ఎంత? ఇవ్వకపోతే ఎంత? ఆపరేషన్‌కు డబ్బు వచ్చి, మందుబిళ్లకు రాని చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

నాలుగు, లెక్క. కులం నమోదవుతోందా? ఎస్సీ అని ఒకే గంపలో వేస్తున్నారా? ఉపకులాల మధ్య తేడాలను చూడవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పుతో తేల్చాక ఆరోగ్య గణాంకాలకు ఆ సాకు లేదు. కుటుంబ ఆరోగ్య సర్వే ముడి డేటాలో ఎస్సీ, ఎస్టీ వివరం ఉంటుంది. పరిశోధన కోసం అడిగి తీసుకునే వీలుంది. గర్భసంచి తొలగింపును కులం, వయసు, ఆసుపత్రి రకం వారీగా లెక్కగట్టడం ఒక ఎంఏ విద్యార్థి చేయగల పని.

ఐదు, జవాబు. తప్పు జరిగితే ఎవరు బాధ్యులు? ఫిర్యాదు చేయడానికి ఆ స్త్రీ కూలి మానుకుని ఎంత దూరం వెళ్లాలి?

పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మతో ఈ విషయాలన్నీ మాట్లాడాను. కోర్టు తీర్పు గురించి చెబితే శ్రద్ధగా విన్నది. నీకు కాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ, అది మందులతో తగ్గేదేమో అన్నప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి అప్పుడు ఒక్కలన్న చెప్పలేదేంది బిడ్డా" అన్నది. ఆమె కోడలికి ఇప్పుడు ఇరవై ఆరు. ఈమధ్యే తెల్లబట్ట అవుతోందని చెప్పిందట. అదే ఆర్‌ఎంపీ కొడుకు ఇప్పుడు ఊళ్లో చూస్తున్నాడు. ఈసారి కోడల్ని ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్తానని, పరీక్ష కాగితం చూపించేదాకా ఎక్కడా వేలిముద్ర వేయనివ్వనని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. ఆ పీహెచ్‌సీలో ఆ రోజు పరీక్ష జరిగేట్టు చూడటం, విధానంలో పనిచేస్తామని వచ్చిన మన పని.